ఊరి దారుల వెంట పూలు నిలవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: యువజన సంఘం సభ్యుడు, హసన్‌పర్తి మండలం

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ జిల్లాలో ఒక చిన్న గ్రామం. మా యువజన సంఘమూ, రెండు మహిళా పొదుపు సంఘాలూ కలిసి ఊరిని శుభ్రంగా, పూలతో కళకళలాడేలా ఉంచాలనే సంకల్పంతో ఆదివారం ఉదయం పూట శ్రమదానం చేస్తున్నాయి. బొడ్రాయి చుట్టూ, బస్సు స్టేజీ దగ్గర, బడి గోడ పొడవునా, చెరువు కట్టకు వెళ్ళే దారికి ఇరువైపులా పేరుకుపోయిన చెత్తను తీసివేసి, మోరీల్లోని పూడికను పంచాయతీ వారితో తీయించి, ఖాళీ అయిన చోటల్లా మొక్కలు పెట్టాము.

మొదట్లో ఊరంతా కదిలి వచ్చింది. ఇప్పుడు మూడు ఇబ్బందులు ఎదురవుతున్నాయి. ఒకటి, నర్సరీ నుంచి, పట్నం నుంచి తెచ్చిన పూల మొక్కలు వానాకాలంలో బాగానే ఉన్నా, ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు అందక కొన్ని, మేకలు కొరికి కొన్ని పోతున్నాయి. రెండు, శ్రమదానానికి వచ్చేవారు క్రమంగా తగ్గిపోయి, ఎప్పుడూ కనిపించే ఆ కొద్దిమందే మిగిలారు. పైగా "వీళ్ళు ఎట్లాగూ ఊడుస్తారు కదా" అన్నట్లుగా మా కళ్ళ ముందే కవర్లు పారేసేవారు కూడా ఉన్నారు. మూడవది నన్ను ఎక్కువగా బాధించింది. ఇంత శ్రమపడి ఊరి నిండా మొక్కలు పెట్టుకున్నా, బతుకమ్మ పండుగకు మా ఊరి ఆడపడుచులు హన్మకొండ వెళ్ళి గునుగు, తంగేడు, బంతిపూలు కొనుక్కుని రావలసి వచ్చింది. ఒకప్పుడు మా చెలకల గట్ల మీద కోసుకున్నంత దొరికిన పూలు అవి.

ఏ మొక్కలు పెడితే నిలుస్తాయి, పని కొద్దిమంది భుజాల మీదే పడకుండా ఎలా నడపాలి, పంచాయతీతో ఎలా కలిసి వెళ్ళాలి అన్న విషయాలలో అనుభవం ఉన్న పెద్దలు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయురాలు, నర్సంపేట

తమ్ముడూ, మీ మూడవ ఇబ్బందిలోనే మొదటి దానికి జవాబు ఉన్నదని నా నమ్మకం. అందుకే ముందుగా పూల సంగతి చెబుతాను.

గునుగు, తంగేడు మన దారుల పక్కన ఎందుకు తగ్గిపోయాయో ఆలోచించండి. పత్తి, మొక్కజొన్న చేలలో కలుపు మందుల వాడకం పెరిగిన తరువాత గునుగు చేలోనే కాదు, గట్టు మీద కూడా మిగలడం లేదు. దారి పక్కన మిగిలిన కాస్తా మనం శుభ్రం చేసే పేరుతో పోతున్నది. పండుగకు ముందు ఊరు అందంగా కనిపించాలని భాద్రపదంలో దారి పక్కలన్నీ గడ్డి కోసే యంత్రంతోనో, ట్రాక్టరు బ్లేడుతోనో నున్నగా చేయిస్తాము. సరిగ్గా ఆ రోజులలోనే గునుగు కంకి వేసి ఉంటుంది, తంగేడు మొగ్గ తొడిగి ఉంటుంది. ఊరిని శుభ్రంగా ఉంచడం, పూలతో ఉంచడం అనే రెండు పనులను ఒకదానికొకటి అడ్డం రాకుండా నడపడమే మీ సంఘం చేయవలసిన మొదటి పని.

మా ఊరిలో అనుసరిస్తున్న పద్ధతి ఇది. తారు అంచు నుంచి ఒక బారెడు వెడల్పు మాత్రం ఎప్పుడూ కోసి ఉంచుతాము, ఎందుకంటే నడిచేవారికి పురుగు పుట్ర భయం ఉండకూడదు, మలుపుల దగ్గర ఎదురుగా వచ్చే బండి కనిపించాలి. దాని అవతల ఉన్న భాగాన్ని వానాకాలం మొదలు సద్దుల బతుకమ్మ వరకు యంత్రంతో తాకనివ్వము. అక్కడ కాగితాలు, సీసాలు, కవర్లు మాత్రం చేతితో ఏరుతాము. పండుగ అయిపోయి, గింజ రాలిన తరువాత ఆ భాగాన్ని కూడా కోయిస్తాము. కోసిన అంచు సన్నగా, తిన్నగా ఉంటే దాని వెనుక పెరిగిన పూల పొద అడవిలా కనిపించదు, కావాలని పెంచినట్లే కనిపిస్తుంది.

ఇక విత్తనం సంగతి. ఇప్పుడు కార్తీకంలో మీకు గునుగు ఎక్కడ కనిపించినా, ఎండి గోధుమ రంగుకు తిరిగిన కంకులను కోసి, పాత చీర మీద వేసి చేతితో నలిపి దులపండి. ఆవాల కంటే చిన్నవైన నల్లటి నిగనిగలాడే గింజలు రాలుతాయి. వాటిని ఆరబెట్టి గుడ్డ సంచిలో దాచుకుని, మృగశిర కార్తెలో తొలివానలు పడిన తరువాత పిడికెడు గింజకు నాలుగైదు పిడికిళ్ళ ఇసుక కలిపి, గీరిన నేల మీద చల్లండి. లోతుగా కప్పితే మొలవదు, పైన చీపురుతో ఒకసారి అలా లాగితే చాలు. ఆషాఢం దాటిన తరువాత మొలిచినవి బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాటికి కంకికి రావడం కష్టం కనుక ఆలస్యం చేయవద్దు.

తంగేడు మన రాష్ట్ర పుష్పం. 2014 నవంబరులో ప్రభుత్వం జమ్మి చెట్టుతో, పాలపిట్టతో, జింకతో పాటు దీనిని ప్రకటించింది. కానీ నర్సరీలలో దీనిని అడిగేవారు తక్కువ. మొరం నేలలో, రాళ్ళ నేలలో కూడా పెరుగుతుంది, వేరు లోతుకు దిగుతుంది, ఒకసారి కుదురుకున్న తరువాత వేసవిలో నీళ్ళ కోసం ఎదురుచూడదు. మేకలూ పశువులూ దానిని సాధారణంగా ముట్టవు. గింజ పొట్టు గట్టిగా ఉంటుంది కనుక, మరిగించి దించిన నీళ్ళలో గింజలు వేసి రాత్రంతా నాననిచ్చి మరునాడు విత్తాలి. వేరు తొందరగా లోతుకు పోతుంది కాబట్టి సంచుల్లో ఎక్కువకాలం ఉంచకుండా నాటాలి, లేదా వానాకాలంలో నేరుగా అనుకున్న చోటనే గింజ పెట్టాలి. రెండో ఏడాదికో మూడో ఏడాదికో పూస్తుంది. పూలు కోసేవారు కొమ్మను విరవకుండా, చివరి రెమ్మను కత్తెరతో కోస్తే అక్కడి నుంచే కొత్త చిగుళ్ళు వచ్చి మళ్ళీ పూస్తుంది. ఈ ఒక్క మాట ఊరి పిల్లలందరికీ నేర్పండి. పండుగ నాడు మొదళ్ళతో సహా పీకి మోపులు కట్టుకుపోవడం వల్ల పోయిన తంగేడు చాలా ఉన్నది.

బంతికి మాత్రం మనిషి చేయి కావాలి. జూన్ చివర నారు పోసి, నాలుగు వారాలకు నాటి, మొక్క కాస్త ఎదిగిన తరువాత తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పండుగ వేళకు విరగబూస్తుంది. నాటు బంతి గింజ దాచుకోవచ్చు. హైబ్రిడ్ రకం గింజ దాచి వేస్తే పువ్వు అదే తీరుగా రాదు. దీనిని దారుల మీద పెట్టకండి, ఇళ్ళ ముందర, బడిలో, గుడి దగ్గర నీళ్ళు పోసే మనిషి ఉన్న చోటనే పెట్టండి.

జవాబు: గతంలో పంచాయతీ కార్యదర్శి, జగిత్యాల జిల్లా

ఉపాధ్యాయురాలు గారు పూల గురించి చెప్పవలసినదంతా చెప్పారు. నేను పంచాయతీ వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీకి నర్సరీ ఉండాలి, నాటిన మొక్కలలో కనీసం 85 శాతం బతకాలి, ఆ బాధ్యత సర్పంచ్‌తో పాటు కార్యదర్శి మీద కూడా ఉంటుంది, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైన తరువాత పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ళ ట్యాంకరు వచ్చాయి, పల్లె ప్రకృతి వనాలు, డంపింగ్ యార్డులు, చెత్త వేరుచేసే షెడ్లు కట్టారు. అంటే మీరు శ్రమదానంతో చేయాలనుకుంటున్న పనిలో చాలా భాగం చట్టప్రకారం పంచాయతీ చేయవలసినదే. కాబట్టి సాయం అడుగుతున్నట్లు కాకుండా, చట్టం చెప్పిన పనిలో చేయి వేస్తామన్నట్లు వెళ్ళండి. గ్రామసభ రెండు నెలలకు ఒకసారి జరగాలి. అక్కడ మీ విషయాన్ని తీర్మానంగా రాయించండి. పచ్చదనానికి, పారిశుద్ధ్యానికి ఉన్న స్థాయీ సంఘాలలో మీ సభ్యులు ఉండేలా చూడండి. నర్సరీలో ఏ మొక్కలు పెంచాలన్నది ముందుగానే నిర్ణయమవుతుంది కనుక, వానలు పడిన తరువాత వెళ్ళి తంగేడు కావాలంటే దొరకదు. చలికాలంలోనే రాతపూర్వకంగా అడిగి, వీలైతే గింజ కూడా మీరే ఇవ్వండి.

మొక్కల ఎంపికలో ఒక జాగ్రత్త. మొక్కలు నాటే ప్రభుత్వ కార్యక్రమం హరితహారం 2015లో మొదలైన తరువాత కొన్నేళ్ళు రోడ్ల మధ్య, పక్కల కోనోకార్పస్‌ను విరివిగా నాటారు, తరువాత దానిని వద్దన్నారు. తొందరగా పెరుగుతుందన్న ఒక్క గుణాన్ని చూసి ఊరంతా ఒకే మొక్క పెట్టవద్దు. నీడకు వేప, కానుగ. వేసవి పూతకు రేల. గుడి, బడి ఆవరణలకు పొగడ, పారిజాతం, దేవగన్నేరు. కంచె పొడవునా కాగితం పూలు చాలు. కరెంటు తీగల కింద పెద్ద చెట్లు పెడితే ఏటా కొమ్మలు నరికించుకోవలసి వస్తుంది, అక్కడ నందివర్ధనం, మందారం వంటివి పెట్టండి. గన్నేరు నీళ్ళు లేకున్నా పూస్తుంది, మేకలూ ముట్టవు, కానీ ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. పశువుల కొట్టాల దగ్గరా, అంగన్‌వాడీ ఆవరణలోనూ అది ఉండకూడదు.

ఇక నా మనసుకు దగ్గరైన విషయం చెబుతాను. ప్రతి పంచాయతీలో ఊడ్వడం మొదలుకొని అన్ని పనులూ చేసే మల్టీపర్పస్ కార్మికులు ఉంటారు. ఊరు శుభ్రంగా ఉండటానికి అసలు కారణం వారే, ఆదివారం ఒక గంట చీపురు పట్టిన మనం కాము. వారికి జీతం నెలనెలా సరిగా అందని సందర్భాలు నేను చూశాను. మీ శ్రమదానం వారి పనికి తోడుగా ఉండాలే కాని, "సంఘం వాళ్ళు ఉన్నారు కదా, మనిషిని తగ్గించుకోవచ్చు" అనే ఆలోచనకు దారి తీయకూడదు. గ్రామసభలో మొక్కల గురించి మాట్లాడే మీ సంఘమే వారి చేతి తొడుగుల గురించి, బూట్ల గురించి, జీతం గురించి కూడా మాట్లాడాలి. మోరీ ఎత్తడం ఫలానా వాడకట్టు వారి పని అనే భావన మన ఊళ్ళలో ఇంకా ఉన్నది. అన్ని వాడకట్టుల యువకులు, ముఖ్యంగా ఎన్నడూ చీపురు ముట్టని ఇళ్ళ వారు, పార పట్టుకుని మోరీ దగ్గర నిలబడితే శుభ్రతకు మించిన మేలు ఊరికి జరుగుతుంది.

జవాబు: రైతు, పరకాల

మేకల గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కనుక రాస్తున్నాను. ఇనుప ట్రీ గార్డులు ఖరీదు, పైగా నిలవవు. సర్కారు తుమ్మ కంప మన చుట్టూ ఎంతో ఉన్నది. కొట్టి మొక్క చుట్టూ గుండ్రంగా పాతి, పైన ఒక కట్టు కడితే రెండేళ్ళు ఆగుతుంది. కంప కొట్టినట్లూ అవుతుంది, మొక్క బతికినట్లూ అవుతుంది. మేకలు కాచేవారిని తప్పుపట్టి జరిమానా రాయడం కంటే, వారిని పిలిచి కూర్చోబెట్టి, ఏ దారిన తోలుకుపోతే ఎవరికీ ఇబ్బంది ఉండదో వారినే అడిగి నిర్ణయించండి. మా ఊరిలో గొల్లలతో అలా మాట్లాడుకున్న తరువాత ఆ దారిలో ఒక్క మొక్క కూడా పోలేదు.

గుంత తవ్వినప్పుడు చెరువు పూడిక మట్టి, మాగిన పెంట ఎరువు కలిపి నింపండి. నాటిన మొక్క చుట్టూ పాదు చేసి, ఎండుగడ్డి పరిస్తే ట్యాంకరు నీళ్ళు రెండింతల కాలం ఉపయోగపడతాయి. మొదటి రెండు వేసవులు గట్టెక్కితే మన నేల మొక్కలు వాటి బతుకు అవే బతుకుతాయి.

ప్రశ్న వేసినవారు మళ్ళీ

అందరికీ ధన్యవాదాలు. అమ్మ గారు చెప్పిన బారెడు కోత పద్ధతిని సంఘంలో చదివి వినిపించాను, అందరికీ నచ్చింది. అయితే మా దారుల పక్కన వయ్యారిభామ (కాంగ్రెస్ గడ్డి) విపరీతంగా పెరుగుతున్నది. యంత్రంతో కోయకుండా వదిలితే అదే కమ్ముకుంటుంది కదా? మందు కొట్టిస్తే మంచిదని కొందరు అంటున్నారు. మరొక సంగతి, శ్రమదానానికి రాని వారిని రప్పించే మార్గం ఎవరూ చెప్పలేదు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయురాలు, నర్సంపేట

మందు కొడితే వయ్యారిభామతో పాటు గునుగు కూడా పోతుంది, కాబట్టి ఆ మాట వద్దు. పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకడం ఒక్కటే నమ్మదగిన మార్గం. చీలికలు చీలికలుగా ఉండే లేత ఆకు వయ్యారిభామది. చీలిక లేకుండా కోలగా, కొన తేలి ఉండేది గునుగుది. రెండింటినీ ఒక పళ్ళెంలో పెట్టి పని మొదలుపెట్టే ముందు అందరికీ చూపించండి, లేకపోతే కొత్తగా వచ్చినవారు రెండూ పీకేస్తారు. ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లు, దురద వస్తాయి, దాని పుప్పొడి ఉబ్బసం ఉన్నవారికి మంచిది కాదు. పొడుగు చేతుల అంగీ, చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. చిన్నపిల్లలను ఆ పనికి పంపకండి. పూత రాక ముందు పీకినదైతే ఎరువు గుంతలో వేయవచ్చు, పూత వచ్చిన దానిని వేయకూడదు, గింజ అంతటా పాకుతుంది. పీకి ఖాళీ చేసిన చోట తంగేడు గింజ పెడితే, అది ఎదిగిన తరువాత ఆ జాగా వయ్యారిభామకు అంత సులువుగా దక్కదు.

జవాబు: గ్రామ సమాఖ్య సభ్యురాలు, గీసుగొండ మండలం

మనుషులు రావడం గురించి నేను చెబుతాను. మా మండలంలోని గంగదేవిపల్లి పేరు మీరందరూ విని ఉంటారు. తాగునీరు మొదలుకొని ఊరి పనులన్నీ కమిటీలకు అప్పగించుకుని ఆదర్శ గ్రామంగా పేరు తెచ్చుకున్న ఊరు అది. అక్కడికి వెళ్ళి చూసినవారికి అర్థమయ్యేది ఏమిటంటే, ఊరంతా కలిసి అన్ని పనులూ చేయడం అనేది ఎక్కడా ఉండదు. ఎవరి పని ఏమిటో అందరికీ తెలిసి ఉండటమే ఉంటుంది.

ఊరంతటినీ ఒక్క చోటికి పిలిస్తే రాని మనిషి, తన ఇంటి ముందున్న పాదుకు నీళ్ళు పోయమంటే పోస్తాడు. కనుక శ్రమదానాన్ని ఊరి పనిగా కాకుండా వాడకట్టు పనిగా విడదీయండి. మా దగ్గర ప్రతి వాడకట్టులోని పొదుపు సంఘం తన గల్లీని తీసుకున్నది. గల్లీ మొదట్లో ఏ పూలు, చివర ఏ పూలు అన్నది వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఒక గల్లీలో అంతా పట్టుకుచ్చులు, మరొక దానిలో బంతి, ఇంకొక దానిలో చామంతి. పండుగ రోజుల్లో గల్లీలు పూలు ఇచ్చిపుచ్చుకుంటాయి. తొమ్మిది రోజులూ పేర్చేది ఆడవాళ్ళు. పువ్వు విలువ వాళ్ళకు తెలుసు కనుక నీళ్ళు పోసే బాధ్యతను ఎవరూ గుర్తు చేయవలసిన అవసరం రావడం లేదు. మీ సంఘంలో మగపిల్లలే నిర్ణయాలు చేస్తున్నట్లయితే ముందు ఆ పద్ధతి మార్చండి.

మీ కళ్ళ ముందు కవరు పారేసినవారితో గొడవ పెట్టుకోవద్దు. చెత్త బండి ఏ వేళకు వస్తుందో తెలియక చాలామంది పారేస్తారు. బండి వేళను ఒకటిగా నిలబెట్టి, తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకునేలా పంచాయతీతో మాట్లాడండి. వరంగల్ నగరంలో 2012లో ఈ వేరుచేసే పనిని పోటీగా నడిపినప్పుడు ఇల్లిల్లూ తిరిగి చెప్పడమే దానికి బలమయ్యింది. మీకూ అంతే, ఇంటింటికీ వెళ్ళి గడప దగ్గర మాట్లాడాలి. తిండి చెత్త బయట పడకుండా చూస్తే కోతులు, కుక్కలు గల్లీలోకి రావడం కూడా తగ్గుతుంది. మొక్కలు పెట్టిన తరువాత కోతులు పీకుతున్నాయని బాధపడేవారు ఈ విషయం గమనించాలి. కుండీల కింది పళ్ళేలలో, పాత టైర్లలో నీళ్ళు నిలవకుండా శుక్రవారం డ్రై డే నాడు ఒక్కసారి గల్లీ మొత్తం చూసుకోవడం వాడకట్టు పనిలో చేర్చండి. పూల కోసమని దోమలను పెంచుకోకూడదు.

చివరగా, చెరువు సంగతి మరచిపోవద్దు. సద్దుల నాడు నిమజ్జనం అయిన మరునాడే నీటి అంచున తేలిన పూలను వలతోనో గంపలతోనో తీసి ఎరువు గుంతలో వేయండి. కొన్న గునుగుకు రంగులు అద్ది ఉంటాయి, ప్లాస్టిక్ దారాలు, మెరుపు కాగితాలు కలిసి ఉంటాయి. వాటిని ముందే ఏరివేయాలి. ఊరిలో పండిన పూలతో పేర్చిన బతుకమ్మకు ఆ ఇబ్బంది ఉండదు, పసుపుతో, ఆకురంగుతో అద్దుకుంటే చాలు.

ప్రశ్న వేసినవారు

అక్కా, మీ మాటలు మా మహిళా సంఘాల వారికి చూపించాను. ఏడు వాడకట్టులకు ఏడు బృందాలుగా విడిపోవాలని, ఏ గల్లీలో ఏ పూలు వేయాలో వారే నిర్ణయించాలని అనుకున్నాము. తంగేడు మొక్కల కోసం, చెత్త బండి వేళ కోసం, కార్మికుల చేతి తొడుగుల కోసం మూడు తీర్మానాలు రాసి వచ్చే గ్రామసభలో పెడుతున్నాము. గునుగు గింజ మాత్రం మా చుట్టుపక్కల సరిపడా దొరకడం లేదు.

జవాబు: రైతు, పరకాల

నేను కలుపు మందు కొట్టను కాబట్టి మా జొన్న చేను గట్ల మీద గునుగు ఇంకా నిండుగా ఉన్నది. కంకులు ఎండుతున్నాయి, గాలి తగిలితే రాలిపోతాయి కనుక ఈ నెలలోపే రండి. సంచులు తెచ్చుకోండి, కొడవళ్ళు నా దగ్గర ఉన్నాయి. సగం కోసుకుని సగం గట్టుకే వదిలివేయాలి, అది ఒక్కటే నా షరతు.